చందాకు వీసా లేదు

ఏడాది చందా ముందే కట్టించుకున్న క్రికెట్ యాప్, శంషాబాద్‌లో విమానమెక్కినవాడు పరాయి దేశంలో దిగేసరికి ‘ఈ ప్రసారం మీ ప్రాంతంలో లేదు’ అని మొహం చాటేస్తుంది. 2023–27 ఐపీఎల్ హక్కులు రూ.48,390 కోట్లకు పోయాయి, ప్రాంతాలవారీగా అమ్మిన సరుకు ఎల్లలు దాటితే అక్కడ కొన్నవాళ్లు ఊరుకుంటారా అంటారు. న్యాయమే. కానీ అది అక్కడ కాపురమున్నవాడి సంగతి. పది రోజులు కూతురింటికి వెళ్లొచ్చే పెద్దమనిషికి ఆ కట్టడి ఎందుకు చుట్టాలి? ఐరోపా సమాఖ్య 2018 ఏప్రిల్ నుంచే ఈ తేడా పట్టించుకుంది. ఒక సభ్యదేశంలో డబ్బు కట్టినవాడు మరో సభ్యదేశానికి తాత్కాలికంగా వెళ్తే అదే ప్రసారం అక్కడా ఇవ్వాల్సిందే. దొంగ ప్రయాణికులు దూరతారన్న భయానికి, చందాదారు నివాసం ఎక్కడో సరిచూసుకోమంది. అయినా అక్కడ ఫుట్‌బాల్ హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతూనే ఉన్నాయి.

వాళ్లది ఒకే సమాఖ్య, మనకు అన్ని దేశాలతో కుదిరేదెలా అంటారేమో. గడియారాలతో కుదిరింది కదా! 2024 టీ20 ప్రపంచకప్‌లో న్యూయార్క్‌లో భారత్–పాక్ మ్యాచ్ అక్కడి పొద్దున పదిన్నరకే పెట్టారు. మనకప్పుడు రాత్రి ఎనిమిది. ఎవరి కోసమో వేరే చెప్పాలా? అమెరికా పొద్దును మన భోజనాలవేళకు ముడిపెట్టగలిగిన యంత్రాంగానికి, ఊరెళ్లిన సొంత చందాదారును గుర్తుపట్టడమే చేతకాదట. చందా రెన్యువల్‌కు మాత్రం వాడు టొరంటోలో ఉన్నా ఇట్టే గుర్తుపడుతుంది.