వడ్డీతో సహా

మన రాజకీయ సభల్లో చప్పట్లకు గ్యారంటీ ఉన్న మాట ఒకటుంది. మేనిఫెస్టో చదువుతుంటే కునుకు తీసే కార్యకర్త కూడా ఆ మాట వినగానే లేచి ఈల వేస్తాడు. "మాకు చేసినదానికి వడ్డీతో సహా తిరిగి చెల్లిస్తాం!" ఏ పార్టీ గెలిచినా, ఏ పార్టీ ఓడినా మైకు చేతులు మారుతుంది గానీ మాట మారదు. కాంట్రాక్టరు బిల్లుకు ఏళ్ళు పట్టే చోట, అడక్కుండా, వడ్డీ కలిపి మరీ తీరే బాకీ ఇదొక్కటే.

తిరకాసు భాషలోనే ఉందేమోనని నా అనుమానం. అప్పు తీరుస్తాం, పగా తీర్చుకుంటాం. జవాబునీ బదులంటాం, చేతి అప్పునీ బదులంటాం. దాంతో పగబట్టినవాడు తానేదో మాట తప్పని బాకీదారుణ్ణనుకుంటాడు. సరే, అప్పే అనుకుందాం. పత్రం ఏది? అసలెంత? నూటికి రెండు రూపాయలా, చక్రవడ్డీయా? అడిగి చూడండి. "నీకు జరిగితే తెలుస్తుంది" అంటారు. అదీ రసీదు.

కంటికి కన్ను అన్నది అనాగరికమని మనం తిట్టిపోస్తుంటాం. సుమారు 3,750 ఏళ్ళ కిందట బాబిలోన్ రాజు హమ్మురాబి నల్లరాతి మీద చెక్కించిన శాసనంలో ఆ నియమం ఉంది. రాయి ఇప్పుడు పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సాటి పెద్దమనిషి కన్ను పోగొడితే పోగొట్టినవాడి కన్ను తీయమన్నాడు. (సామాన్యుడి కన్నయితే కొంత వెండితో సరిపెట్టమన్నాడు. ఇలాంటి ఏర్పాటు మనకు మాత్రం కొత్తా?) కానీ తీయమన్నది ఒక్క కన్నే. రెండో కన్ను, వాడి తమ్ముడి కాలు, వాడి మామిడితోట ఆ లెక్కలోకి రావు. మోటు చట్టమే, కాదనను. వడ్డీ మాత్రం లేదు. మనం ఇంకా అక్కడిదాకా కూడా రాలేదు.

"భారతంలో పగ తీర్చుకోలేదా?" అని గుడ్లురిమే పెద్దమనుషులు ఆ పుస్తకాన్ని ఇంకాస్త వెనక్కి తిప్పాలి. పసివాడు అశ్వత్థామ పాల కోసం ఏడిస్తే పిండి కలిపిన నీళ్ళిచ్చి పాలేనని నమ్మించారు. అది చూడలేక ద్రోణుడు పాత స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి వెళితే, రాజుకీ పేదకీ స్నేహమేమిటని ఆయన నలుగురిలో తీసిపారేశాడు. ద్రోణుడు శిష్యుల చేత ఆయన్ని పట్టి తెప్పించి సగం రాజ్యం పుచ్చుకున్నాడు. పాడి ఆవుకి గతిలేక బయల్దేరినవాడికి సగం పాంచాలం! రేటు గమనించండి. ద్రుపదుడు యాగం చేసి, ద్రోణుణ్ణి చంపే కొడుకును పొందాడు. ఆ ధృష్టద్యుమ్నుడు ఆయుధం వదిలేసి కూర్చున్న ద్రోణుడి తల నరికాడు. చివరికి ఆ పాలకేడ్చిన పిల్లవాడే పెరిగి పెద్దయి, అర్ధరాత్రి శిబిరంలో దూరి, తండ్రిని చంపినవాడితో ఆగక, ద్రౌపది అయిదుగురు కొడుకులనూ చంపాడు. వాళ్ళు ఏ పద్దు కింద బాకీపడ్డారు? ఇందులో ఎవరి చిట్టా తెరిచినా మొదటి పద్దు ఎదుటివాడిదే. గ్లాసెడు పాలతో మొదలైన పేజీ ఎవరి దగ్గరా ఉండదు.

అయితే కొట్టించుకుని ఊరుకోమంటావా అంటారు. నేనెప్పుడన్నాను? మీద పడ్డవాణ్ణి ఆపడానికి చెయ్యెత్తే హక్కు చట్టమే ఇచ్చింది. పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అవసరమైనంత మేరకే అని ఒక షరతు. మీద పడుతున్నప్పుడు ఆపడం వేరు, వాడు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక గునపం పట్టుకుని వెళ్ళడం వేరు. కోర్టు వాయిదాలు మనిషిని అరగదీస్తాయన్నదీ నిజమే. గట్టు తగాదాలో తాత వేసిన దావాకు మనవడు హాజరవుతున్న ఇళ్ళున్నాయి. ఆ కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ గట్టు జరిపినవాడి వరికుప్ప తగలబెడితే గట్టు వెనక్కి జరుగుతుందా? గట్టు అక్కడే ఉంటుంది, దావాలు రెండవుతాయి.

మా అపార్ట్‌మెంటు సంగతే చూడండి. నిరుడు ఎండాకాలం మూడో అంతస్తు ఏసీ నీళ్ళు రెండో అంతస్తు బాల్కనీలో ఆరబెట్టిన గుమ్మడి వడియాల మీద పడ్డాయి. వడియాలు మళ్ళీ పిండయ్యాయి. రెండో అంతస్తాయన తన స్కూటర్‌ని పైవాళ్ళ కారుకి అడ్డంగా పెట్టి తాళం వేశాడు. తెల్లారేసరికి స్కూటర్ టైర్లలో గాలి లేదు. ఆ రాత్రి ఎవరో మోటార్ ఫ్యూజు పీకేశారు. ఎవరని అడిగితే ఇద్దరూ "వాళ్ళు మొదలెట్టారు" అన్నారు. పొద్దున పన్నెండు ఇళ్ళలో కుళాయి తిప్పితే గాలి వచ్చింది. నీళ్ళు పడ్డాయని మొదలైన గొడవ చుక్క నీరు లేకుండా చేసింది.

సెక్రటరీని కాబట్టి నేనే హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఏసీకి తగిలించే మూడడుగుల ప్లాస్టిక్ గొట్టం తెచ్చాను. ముందు కిందవాళ్ళు క్షమాపణ చెబితేనే బిగించనిస్తామని పైవాళ్ళు, ముందు పైవాళ్ళు చెప్పాలని కిందవాళ్ళు. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఆ గొట్టం ఇప్పటికీ నా బండి డిక్కీలోనే ఉంది.