కొత్త బండి పుట్టిన నాడు పాత బండికి పట్టాభిషేకం

మోటార్ షోలో తెర లేస్తుంది. కొత్త పోర్షే మీద లైట్లు పడతాయి. అదే నిమిషాన వేల మైళ్ళ దూరంలో, ఏదో షెడ్డులో ముసుగేసుకుని పడుకున్న పాత పోర్షే రేటు మారిపోతుంది. దాని చక్రం ఒక్క చుట్టు తిరిగింది లేదు, ఇంజన్‌లో ఒక్క నట్టు మారింది లేదు. అయినా నిన్నటి బండి వేరు, ఇవాళ్టి బండి వేరు. కొత్త మోడల్ వస్తే పాతది చవకవడం స్విఫ్టులు కొనుక్కునే సంసారుల లోకపు న్యాయం. ఖరీదైన స్పోర్ట్స్ కార్ల దగ్గర ఆ న్యాయం తలకిందులైన సందర్భాలు బోలెడు. అక్కడ కొత్తది పుట్టగానే దాని మొహం చూసేవాడు తక్కువ. దాంట్లోంచి కంపెనీ ఏం పీకేసిందని వెతికేవాళ్ళే ఎక్కువ. ఆ పీకేసిన వస్తువు పాతదాంట్లో ఉందా, ఇక ఆ ముసలి బండికి పట్టాభిషేకమే.

ఈ నాటకంలో పెద్ద అంకం 1997లో మొదలైంది. మూడు దశాబ్దాలకు పైగా తన 911 కారు ఇంజన్‌ని గాలితోనే చల్లార్చిన పోర్షే, 996 అనే లోపలి నంబరుతో వచ్చిన కొత్త 911లో నీళ్ళు పోసింది. ముందు భాగాన్ని హెడ్‌లైట్లతో సహా తన చవక బండి బాక్‌స్టర్‌తో పంచుకుంది. ఆ లైట్లు చూసి జనం పెనం మీది కోడిగుడ్డు అని వెక్కిరించారు. మన టిఫిన్ సెంటర్ భాషలో చెప్పాలంటే హాఫ్ బాయిల్. దానికి తోడు ఇంజన్ లోపల ఒక బేరింగు అరిగి మొత్తం ఇంజన్నే మింగేసే జబ్బు బయటపడింది. అంతే, 996 చాలా ఏళ్ళపాటు లోకంలో అతి చవకగా దొరికే 911 అయింది. దానికి ముందటి 993 మాత్రం గాలితో చల్లారే ఆఖరి 911గా గర్భగుడిలోకి వెళ్ళి కూర్చుంది.

ఇప్పుడు ఆ గుడి ముందు పొర్లుదండాలు పెడుతున్న భక్తులందరినీ ఒక్క మాట అడగాలి. గాలి ఇంజన్ల 911లు షోరూముల్లో కళకళలాడుతూ నిలబడిన రోజుల్లో తమరు ఎక్కడున్నారు? 1990ల మొదట్లో పోర్షే అమ్మకాలు కుప్పకూలాయి. ఫ్యాక్టరీలో పని ఎలా చేయాలో నేర్పమని టయోటాలో ఆరితేరిన జపాన్ నిపుణులను పిలిపించుకునే స్థితికి వచ్చింది కంపెనీ. దాన్ని ఒడ్డున పడేసింది మీరు ఛీ కొట్టిన బాక్‌స్టరూ, ఆ హాఫ్ బాయిల్ కళ్ళ 996 బండీ. బతికుండగా తల్లికి మంచినీళ్ళివ్వని కొడుకు పెద్దకర్మనాడు ఊరందరికీ పూర్ణాలతో భోజనం పెట్టినట్టుంది మీ 993 భక్తి.

తర్వాతి అంకం 2013. జెనీవా మోటార్ షోలో 991 తరం 911 జీటీ3 దిగింది. అంతకు ముందు జీటీ3 అంటే ఎడమ కాలితో క్లచ్ తొక్కాల్సిందే, చేత్తో గేరు వేయాల్సిందే. కొత్తదాంట్లో ఆ రెండూ మాయం. ఉన్నదల్లా పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు. అది మనిషి చెయ్యి కన్నా వేగంగా గేర్లు మారుస్తుందని కంపెనీ చెప్పింది. నిజమే, రేస్ ట్రాక్ మీద స్టాప్‌వాచ్ పట్టుకుంటే కొత్తదే గెలుస్తుంది. బజారు ఆ స్టాప్‌వాచ్‌ని అటక మీద పడేసింది. పాత 997 తరం జీటీ3లు, అందులోనూ 2011లో 600 మాత్రమే చేసిన ఆర్ఎస్ 4.0, రాత్రికి రాత్రే అవతార పురుషులయ్యాయి. మరుసటి ఏడాది కొత్త జీటీ3ల్లో కొన్నిటికి మంటలంటుకున్నాయి. 785 బండ్లు ఎవరూ నడపొద్దని చెప్పి, వాటికి ఇంజన్లే మార్చింది పోర్షే. పాత బండ్ల బ్రోకరుకి ఏ దేవుడూ ఇంతకు మించిన వరమివ్వడు.

కంపెనీ వాళ్ళు మాత్రం పిచ్చివాళ్ళా? పీకేసిన వస్తువుకి ఇంత గిరాకీ ఉందని తెలిశాక ఊరికే కూర్చుంటారా? 2016లో 911 ఆర్ తెచ్చారు. పోయిన క్లచ్ తిరిగొచ్చింది, వెనక పెద్ద రెక్క పోయింది, ఇంజన్ 500 గుర్రాలు. చేసింది 991 బండ్లు, అంటే మోడల్ నంబరెంతో అన్ని. అమెరికాలో ధర 1,84,900 డాలర్లు. ముందుగా ఎవరిని పిలిచి ఇచ్చారంటారా? అంతకు ముందే 8,45,000 డాలర్లు పోసి పోర్షే 918 స్పైడర్ కొన్నవాళ్ళని. వాళ్ళ దగ్గర్నుంచి ఒకటి రెండు చేతులు మారేసరికి 911 ఆర్ రేటు ఐదు లక్షల డాలర్లు దాటింది. గేరు వేసే సుఖం కోసమే పుట్టిన బండి అది. కొన్నవాళ్ళలో చాలామంది ఫస్ట్ గేరులో షెడ్డులోకి తోలి, న్యూట్రల్‌లో పెట్టి తాళం వేశారు. మీటరు తిరిగితే రేటు పడుతుంది మరి!

ఏడాది తిరిగింది. 2017 మార్చిలో, మళ్ళీ అదే జెనీవాలో, పోర్షే కొత్త జీటీ3 చూపించింది. అవే 500 గుర్రాలు, అదే నాలుగు లీటర్ల ఇంజన్ కుటుంబం. క్లచ్ కావాలా? తీసుకోండి, పైసా అదనం లేదు. ఎన్ని బండ్లు? లెక్క పెట్టలేదు, అడిగినన్ని. అమెరికాలో ధర 1,43,600 డాలర్ల నుంచి. సెప్టెంబరులో, ఆ వెనక రెక్క కూడా వద్దనే వాళ్ళకోసం టూరింగ్ అని ఇంకోటి. దాంతో 911 ఆర్ రేటు జారుడుబల్ల ఎక్కింది.

అప్పుడు లేచిన ఏడుపులు వినాలి. కంపెనీ మోసం చేసిందట. నమ్మించి గొంతు కోసిందట. అయ్యా, కార్ల కంపెనీ కార్లు చేయడం ద్రోహమా? మీరు కొన్నది బండినే అయితే పోయిందేమిటి? పక్కవాడికి క్లచ్ దొరికిందని మీ క్లచ్ ఏమైనా విరిగిందా? అదే ఇంజన్, అదే రోడ్డు, అదే మలుపు. పోయిందల్లా పక్కవాడికి లేదన్న తృప్తి. దానికి ఐదు లక్షల డాలర్లు పెట్టారని ఒప్పుకుంటే ఏడుపులో కాస్త నిజాయితీ ఉండేది.

కంపెనీని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. చిల్లు పెట్టేదీ తనే, మాట్లు వేసేదీ తనే. 2023లో 911 ఎస్/టీ అని 1963 బండ్లు ప్రకటించింది. 911 మొదటిసారి లోకానికి కనిపించిన సంవత్సరం అది. ధర 2,90,000 డాలర్లు. ఈసారి తెలివి పెరిగి, అమెరికాలో మొదటి ఏడాది బండి సొంతానికివ్వం, లీజుకే ఇస్తామంది. తిరిగి అమ్ముకోకుండా కాపలా అన్నమాట. లాభాల వేటగాళ్ళంటే అంత కోపముంటే అడిగినన్ని చేసి పారేయొచ్చు. కానీ అలా చేస్తే తర్వాత వచ్చే 'పరిమిత' బండికి క్యూ ఎవడు కడతాడు?

టయోటా సంగతి ఇంకా ముచ్చటైనది. దాని స్పోర్ట్స్ కారు సుప్రా అమ్మకాలు అమెరికాలో 1998లోనే ఆపేశారు. కొనేవాళ్ళు లేరు కాబట్టి ఆపేశారు. ఇరవై ఏళ్ళపాటు సుప్రా తిరిగి రావాలని గోల చేసిన జనం, 2019లో అది వచ్చేసరికి బానెట్ ఎత్తి చూశారు. లోపల బీఎండబ్ల్యూ ఇంజన్. తయారైంది ఆస్ట్రియాలో, బీఎండబ్ల్యూ జెడ్4 పక్కనే. క్లచ్ అసలు లేదు. కొత్త సుప్రా 49,990 డాలర్లకు మొదలవుతుందని తెలిసిన ఆ రోజుల్లోనే, ఫ్లోరిడా వేలంలో 1994 నాటి సుప్రా 1,73,600 డాలర్లు పలికింది. అంటే ఒక పాతదాని డబ్బుతో మూడు కొత్తవి కొని, మిగిలిన ఇరవై మూడు వేలతో ఇంట్లోవాళ్ళకి ఒక మామూలు కారు కూడా కొనివ్వొచ్చు. షోరూములో ఉన్నప్పుడు కొననివాళ్ళు, పాతికేళ్ళ తర్వాత దాన్ని పాత బాకీలా వడ్డీతో చెల్లించారు.

ఫెరారీ ఎఫ్430 కొన్నవాళ్ళలో స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మారే ఎఫ్1 బాక్సు కోసం ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళే అధికం. ఇవాళ ఎక్కువ పలికేది అదనంగా ఏమీ కట్టకుండా తీసుకున్న మామూలు గేరు కడ్డీ బండి. దీని మీద వ్యాఖ్య అనవసరం.

ఈ సింహాసనం అందరికీ దక్కదు. తోలు సీట్లూ సన్‌రూఫూ సకల హంగులూ ఉన్న మామూలు ఆటోమేటిక్ 911 కరేరా, కొత్త తరం వచ్చిన నాడు మన స్విఫ్టులాగే బుద్ధిగా రేటు తగ్గుతుంది. దాని యజమాని దాన్ని ఆఫీసుకి తోలుతాడు, వానలో తడుపుతాడు, పిల్లల బ్యాగులు వెనక సీట్లో కుక్కుతాడు, అమ్మేటప్పుడు నష్టపోతాడు. ఈ మొత్తం బజారులో కారుని కారుగా వాడిన ఏకైక మూర్ఖుడు అతనే.

ఇక తాజా అంకం. పోర్షేదే మరో స్పోర్ట్స్ కారు 718 కేమన్‌కి 2016లో ఆరు సిలిండర్లు తీసి నాలుగు పెట్టారు. అంతకు ముందటి 981 తరం కేమన్లు బిగుసుకుపోయి కూర్చున్నాయి. 2020లో ఆరు సిలిండర్ల జీటీఎస్ 4.0 వచ్చింది. తర్వాత, ఇకపై కేమన్ కరెంటు బండే అన్నారు. యూరప్‌లో సైబర్ భద్రత నిబంధనల దెబ్బకు 2024లోనే పెట్రోల్ 718 అమ్మకాలు చాలావరకు ఆగాయి. చివరి పెట్రోల్ కేమన్ అంటూ వీలున్నవాళ్ళు ఎగబడ్డారు. 2025 సెప్టెంబరులో పోర్షే మనసు మార్చుకుంది. రాబోయే తరంలో పై స్థాయి 718లు పెట్రోల్‌తో కూడా వస్తాయని చెప్పేసింది. చివరిది కొన్నామనుకుని షెడ్డుకి తాళం వేసినవాళ్ళు ఇప్పుడు పోర్షే కొత్త పెట్రోల్ బండి చేయకుండా ఉంటే బాగుండునని కోరుకోవాలి. తమను తాము పోర్షే అభిమానులని పిలుచుకుంటూనే.