రాజుగారి ఇల్లెక్కడ?

మా ఊరికి సముద్రం లేదు. ఆ మాట ఫోన్లో చెప్పగానే మా బామ్మర్ది పిల్లలు కాసేపు మాట్లాడలేదు. పాపం, వాళ్ళు విశాఖపట్నంలో పుట్టి పెరిగారు. వాళ్ళ నాన్నకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిననాటి నుంచి ఆ ఇంట్లో అలలు వినిపించని చోటును ఊళ్ళ లెక్కలోకి తీసుకోవడం మానేశారు. దసరా సెలవుల్లో ఖిలా వరంగల్ వస్తామని, కోట మొత్తం ఒక్కరోజులో చూసేస్తామని కబురొచ్చింది. ఆ వెంటనే చిన్నది ఫోన్ లాక్కుంది.

"మామయ్యా, రాజుగారి ప్యాలెస్ బాల్కనీలోంచి బీచ్ కనిపిస్తుందా?"

"కనబడది బిడ్డా. గోడెక్కితే చేన్లు కనబడతై."

"మరి రాజుగారు ఈతకెక్కడికి వెళ్ళేవారు?"

కాకతీయ రాజు గణపతిదేవుడి ఈత గురించి నాకు తెలిసిన ఏ శాసనంలోనూ లేదు. అయినా పిల్ల ముందు తగ్గకూడదని "గుండు చెరువుకు" అన్నాను. తృప్తిపడలేదు.

నిజానికి గణపతిదేవుడికి సముద్రం లేకపోలేదు. ఇల్లు ఇక్కడ, రేవు అక్కడ. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి ఆయన ఓడరేవు. అంతకుముందు రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును ఉన్నదున్నట్టు ఊడ్చుకుపోయేవారట. ఈయన 1244లో అభయశాసనం వేయించి, సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోనని వర్తకులకు మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. ఈ కాలంలో ఒక్క టోల్‌గేటు దాటి వచ్చినవాడెవడైనా ఈ లెక్క విని కళ్ళు తుడుచుకోకుండా ఉండలేడు. ఆయన కూతురు రుద్రమదేవి ఏలిన రాజ్యం గురించి, ఆ రేవు గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి వెనీసు నుంచి వచ్చిన మార్కోపోలో కూడా రాసుకున్నాడు. ఇదంతా చెబితే చిన్నది "అయితే ప్యాలెస్ మోటుపల్లిలోనే కట్టుకోవాల్సింది కదా" అంది. రాజులకు సలహాలివ్వడంలో మా అత్తగారివైపు వాళ్ళకు మొదటి నుంచీ మొహమాటం లేదు.

మర్నాటికల్లా మా బామ్మర్ది వాట్సాప్ గ్రూపు పెట్టాడు. అందులో ఎక్సెల్ షీటు పడేశాడు. ఇంజనీరు కదా, చెల్లెలి పెళ్ళికి కూడా గ్యాంట్ చార్టు వేసిన మనిషి. తొమ్మిదికి తోరణాలు, తొమ్మిదిన్నరకు రాజమహల్, పదిన్నరకు వేయి స్తంభాల గుడి, పదకొండున్నరకు భద్రకాళి, మధ్యాహ్నం రామప్ప, సాయంత్రం లక్నవరం, రాత్రి మళ్ళీ కోటలో సౌండ్ అండ్ లైట్ షో. వేయి స్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది. రెండింటికీ మధ్య కాకతీయులకు యాభై ఏళ్ళు పట్టింది, మావాడు భోజనంతో కలిపి రెండు గంటలిచ్చాడు. రామప్ప మా ఇంటి నుంచి అరవై కిలోమీటర్లకు పైనే. షీటులో ఆ దూరానికి గడి కూడా లేదు.

మా అమ్మకు ఆ షీటు చూపిస్తే అద్దాలు పైకి నెట్టుకుని చూసింది. "కోట జూసుడుకు కాయిదమెందుకురా? తోలుకపోతె వాళ్ళే జూస్తరు."

మా ఆవిడ అభ్యంతరం వేరు. "సద్దుల బతుకమ్మ రోజు మాత్రం రావద్దని చెప్పు మా అన్నకు. గునుగు పువ్వుకు రంగులద్దాల్నా, వీళ్ళకు పూరీలు చెయ్యాల్నా?"

అసలు చిక్కు రెండో గడిలో ఉంది. రాత్రి బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, రాజమహల్‌కు గంట సరిపోతదా?"

"నిమిషం గూడ వద్దు."

"అదేంది, మూసిండ్రా?"

"ఆఁ. 1323ల మూసిండ్రు."

"మళ్ళ ఎప్పుడు తెరుస్తరట?"

ఇక్కడికి వచ్చే ప్రతి చుట్టానికీ ఈ సంగతి చెప్పడమే నాకు కష్టం. కోట ఉంది, రాజుగారి ఇల్లు లేదు. గణపతిదేవుడు, రుద్రమ, ప్రతాపరుద్రుడు ఎక్కడ తిన్నారో, ఎక్కడ పడుకున్నారో వేలు పెట్టి చూపించడానికి గోడ ముక్క కూడా మిగల్లేదు. "మరి ఖుష్ మహల్ ఉంది కదా" అంటారు గూగుల్ చూసి వచ్చినవాళ్ళు. ఉంది. నిటారుగా కాక కొంచెం లోపలికి వాలిన గోడలు, లోపల పెద్ద పెద్ద కమానులు. ఎండలో నుంచి లోపలికి అడుగుపెడితే హాయిగానే ఉంటుంది, పేరు అబద్ధం కాదు. కానీ అది కాకతీయులది కాదు. కాకతీయులు పోయాక దాదాపు రెండొందల ఏళ్ళకు, 16వ శతాబ్దం మొదట్లో ఇక్కడ ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని చెబుతారు. ఇంకా ముందు తుగ్లక్‌ల కాలంలోనే కట్టారనే పండితులూ ఉన్నారు. ఎవరు కట్టినా రుద్రమదేవి మాత్రం అందులో కాలు పెట్టలేదు. అయినా గుమ్మం దగ్గర నిలబడి "రుద్రమదేవి దర్బారు" అని ఫోటో పెట్టని చుట్టాన్ని నేనింకా చూడలేదు.

తోరణాలకు వస్తే పేచీ ఉండదు. స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. గుడి కూలింది, రాళ్ళు నేల మీద పరిచినట్టు పడి ఉన్నాయి, తోరణాలు మాత్రం నిలబడ్డాయి. తలుపులు బిగించే ఏర్పాటే లేని గుమ్మాలివి. అడ్డదూలం కొసల మీద హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు, అన్నీ రాతివే. 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే కాబట్టి మా ఇంటి పన్ను రసీదు మీద కూడా ఉంటుంది. నాలుగూ ఒక్క తీరుగా ఉండడం వల్ల ఒక సుఖముంది. పిల్లలు ముగ్గురొచ్చినా నలుగురొచ్చినా ఎవరి తోరణం వాళ్ళకిచ్చి, నీదే అసలుదని చెప్పి కొట్లాట తప్పించవచ్చు.

కానీ నన్నడిగితే ఈ ఊళ్ళో చూడాల్సింది గోడ. దానికి షీటులో గడే లేదు. గోడ చూడడానికి టికెట్టుండదు కాబట్టి అది చూసేదని ఎవరికీ తోచదు. బయట మట్టికోట, లోపల రాతికోట, రాతికోట చుట్టూ కందకం. మట్టికోటంటే చులకన వద్దు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పుడు ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిగా ఉందని అమీర్ ఖుస్రో రాశాడు. రాతికోటకు నలభై అయిదు బురుజులు. సున్నం లేకుండా రాతి మీద రాయి పేర్చి నిలబెట్టారు. లోపలి వైపు గోడ పొడుగునా మెట్లున్నాయి, సైనికుడు ఎక్కడున్నవాడు అక్కడే పైకెక్కేలా. మా చిన్నప్పుడు పరీక్షలకు ఆ మెట్ల మీదే కూర్చుని చదివేవాళ్ళం. కొందరం పాసయ్యాం కూడా.

కోట ద్వారం సంగతి ఇంకా తమాషా. లోపలికి దారి తిన్నగా ఉండదు, మలుపు తిరిగి మళ్ళీ మలుపు తిరుగుతుంది. దండెత్తి వచ్చిన ఏనుగు పరుగు అందుకోకుండా కట్టారు. ఏనుగుల కాలం పోయింది, మలుపు ఉండిపోయింది. ఇప్పుడు అటు నుంచి ఆటో, ఇటు నుంచి బర్రె, మధ్యలో మనం. హారన్ కొడితే ఆటో ఆగుతుంది. బర్రె ఆగదు, అది ఇక్కడిదే. తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట అని మేం చెప్పే చిరునామాలు చరిత్ర పాఠాలు కావు, కరెంటు బిల్లు వచ్చే ఇళ్ళు. మధ్యలో చేన్లున్నాయి, బడులున్నాయి, కిరాణా కొట్లున్నాయి.

ఇదంతా విని మా బామ్మర్ది "అయితే ప్లాన్ మార్చాల్నంటవా?" అన్నాడు. అప్పుడు ఈ కోటలో వేసిన అన్నిటికన్నా చెడ్డ ప్లాన్ గురించి చెప్పాను. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. కోట లొంగే వేళకు ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని దండులో పుకారు లేచింది. ఫార్వర్డ్ మెసేజ్‌లు లేని రోజుల్లోనే ఇంత పని జరిగింది. దండు చెదిరి దేవగిరికి వెనక్కి పోయింది. పీడ విరగడైందని ఇక్కడ విందులు చేసుకున్నారు, కోటలో దాచిన ధాన్యం అమ్మేసుకున్నారని చరిత్రకారులు చెబుతారు. కొన్ని నెలలకే ఉలుగ్ ఖాన్ తిరిగొచ్చాడు, 1323లో కోట పడింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు.

బామ్మర్ది కాసేపు ఊరుకుని "అంటే టిఫిన్ కట్టుకోని రమ్మంటవ్" అన్నాడు. ఇంజనీరు కదా, సారం పట్టేశాడు. లక్నవరం, రామప్ప మర్నాటికి జరిగాయి. చిన్నది మాత్రం ఈత దుస్తులు సర్దుకున్నట్టు సమాచారం.

మీరు కూడా వస్తుంటే కోటకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. తోరణాలు, ఖుష్ మహల్ చూశాక కారెక్కకుండా గోడవైపు నడవండి, ఎండ దిగాక మెట్లెక్కండి. టోపీ, నీళ్ళు మరిచిపోకండి. ద్వారం మలుపులో హారన్ కొట్టండి, బర్రెకు దారివ్వండి. తాగేసిన సీసా కందకంలో వేయకుండా వెంట తీసుకుపోండి. తోరణం మీద మీ పేరు, మీ ఆవిడ పేరు చెక్కకండి.