ఎనుమాముల పరదాను నేను

బిల్లులో టార్పాలిన్ అని రాశారు గానీ, ఎనుమాముల మార్కెట్ యార్డులో నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవరు. పరదానే. 250 జీఎస్ఎం మందం, అంచు పొడుగునా రింగుల కన్నాలు, ఓ మూలన బైకు ట్యూబు ముక్కతో వేసిన అతుకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నా కొలువు మిర్చి మీద. తేజ, వండర్‌హాట్, 2025లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న చపాటా, అన్నిటినీ కప్పాను. నాలుగు చినుకులు పడితే చాలు, మిర్చికి రంగు పోతుంది, బూజు పడుతుంది. జెండాపాట ఎంత పలికినా తడిసిన బస్తా వైపు ఎవడూ చూడడు.

వానంటే నాకు లెక్కలేదు. గాలంటేనే గుబులు. ఎండాకాలపు సాయంత్రం ఉరుముల మబ్బులోంచి చల్లగాలి బరువుగా కిందికి దిగి నేల మీద నాలుగు దిక్కులకూ తోసుకొస్తుంది. చినుకు కంటే ముందు వచ్చేది అదే. ఉక్కపోత ఉన్నట్టుండి ఆగిందంటే హమాలీలు పరుగు తీస్తారు. గాలొచ్చే వైపు అంచును ముందు బస్తాల కింద తొక్కిపెట్టి, తర్వాతే మిగతా పరదా పరుస్తారు. ఈ వరస తప్పితే నేను యార్డు గోడ మీద తేలుతాను.

శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు. నాకు మాత్రం లేదు. మా ఆసామి కొడుకుకూ వాడి దోస్తులకూ గాలం పిచ్చి. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాటి రామన్నగూడెం దగ్గర గోదావరి దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు ట్రాలీలో పోతారు. నా మడతల మీద గాలం కట్టెలు, ఎర్రల డబ్బా, బగారా అన్నం గిన్నె. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లను పడగొట్టిన గాలి సంగతి దారిలో ప్రతిసారీ మాట్లాడుకుంటారు. ఏటి ఒడ్డుకు చేరగానే మరిచిపోతారు.

ఒక ఏప్రిల్‌లో యార్డు హమాలీ కాక కూడా వెంట వచ్చాడు. పిల్లలు నాలుగు వెదుళ్లు పాతి నన్ను పెళ్లిపందిరిలా ఎత్తున కట్టారు. ఇసుకలో మేకులు! కాక చూసి ఊరుకున్నాడు, ఖాళీ గోనెసంచుల్లోకి ఇసుక ఎత్తడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేసరికి ఓ వాలుగ పడింది. అంతలో వాజేడు వైపు ఆకాశం నల్లబడింది. మబ్బు పడితే చేప బాగా తగులుతుందని పిల్లలు కదల్లేదు.

"కట్టెలు కింద పండబెట్టుండ్రి బిడ్డా. మొదలు పరదా గుంజుండ్రి!"

కార్బన్ కట్టెలో కరెంటు పారుతుంది. నదీ ఒడ్డున దాన్ని నిలబెట్టి పట్టుకోవడమంటే పిడుగును పేరుపెట్టి పిలవడమే. మెరిసినప్పటి నుంచి ఉరిమేదాకా ఒకడు అంకెలు లెక్కపెట్టాడు. తొమ్మిది వచ్చింది. సెకన్లు మూడైతే కిలోమీటరు. ఆ లెక్కన పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

"అందరం పరదా కిందనే కూసుందాం కాకా," అన్నాడు ఆసామి కొడుకు.

"పరదా పిడుగునాపుతదారా? ఊళ్లెకు ఉరుకుండ్రి!"

నేను నొచ్చుకోలేదు, ఉన్నమాటే. నీళ్లను ఆపుతాను, పిడుగు నా వశం కాదు. కాక నన్ను సామాను మీద నేలబారుగా పరిచి, ఇసుక సంచులకు తాళ్లు కట్టి, సంచులను మోకాటిలోతున పూడ్చాడు. మేకు ఇసుకలో నిలవదు గానీ, పూడ్చిన సంచి అంత సులువుగా పైకి లేవదు. అందరూ ఊళ్లో స్లాబు ఇంటికి ఉరికారు.

గాలి వచ్చింది. వెదుళ్లు రెండు విరిగి నది వైపు దొర్లిపోయాయి. తాళ్లు మోగాయి. నా అంచు కింద గాలి దూరడానికి సందు దొరకలేదు. ఒక్క అతుకు మాత్రం లేచింది. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి గానీ కాక వాళ్లను బయటికి రానివ్వలేదు. వచ్చి చూస్తే బగారా అన్నం పొడిగానే ఉంది. గోనెసంచిలోని వాలుగ అప్పటికీ తోక కొడుతోంది.

సోమవారం పొద్దున నన్ను చపాటా బస్తాల మీద పరిచారు. కొనడానికొచ్చిన వ్యాపారి గుప్పెడు మిర్చి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ వాసన చూశాడు. రైతు మొహంలోకి అనుమానంగా చూశాడు. కాక అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.