బాబాయి గారు మీటరు కొంటున్నారు

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో తూకం మీద అనుమానమొస్తే కొట్టు మారుస్తాం. కరెంటు మీద అనుమానమొస్తే సందు చివరింటి బాబాయిని పిలుస్తాం. వన్‌టౌన్‌లో ప్రతి సందుకీ ఇలాంటి బాబాయి ఒకాయన ఉంటారు. రైల్వేలోనో, కరెంటాఫీసులోనో చేసి రిటైరై ఉంటారు. మా సందు బాబాయి గారిది టెలిఫోన్స్. చొక్కా జేబులో పెన్నూ టెస్టరూ పక్కపక్కనే ఉంటాయి. పెన్నులో ఇంకు ఎప్పుడైపోయిందో ఆయనకే తెలీదు గానీ, టెస్టరు మాత్రం ఠంచనుగా వెలుగుతుంది.

ఈ జాతి బాబాయిలు రిపేరు చెయ్యరు. అది ఎలక్ట్రీషియన్ పని. వీళ్ళు కొలుస్తారు.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్టూలెక్కి కండెన్సర్ మార్చి, డబ్బులు తీసుకుని, పంజా సెంటర్లో టీ తాగేసి ఉంటాడు. బాబాయి గారు అప్పటికింకా రెగ్యులేటరు ముందెంత, వెనకెంత అని కాగితం మీద రాస్తూ ఉంటారు. ఆయన దగ్గరున్నది మోట్వానే కంపెనీ ముల్లు మీటరు. ముల్లు కింద సన్నటి అద్దం పట్టీ ఉంటుంది. ముల్లు తన నీడని తానే కప్పేసేదాకా ఒక కన్ను మూసి, మెడ అటూ ఇటూ జరిపి, అప్పుడు చదవాలి. గీతకీ గీతకీ మధ్య ఐదు వోల్టులు. ఆ ఐదింటినీ కంటితోనే ముక్కలు చేసి "రెండొందల పద్దెనిమిది... పాయింటు... మూడు వేసుకో" అంటారు. ఆ పాయింటు తర్వాత అంకె దగ్గరికొచ్చేసరికి గొంతు గర్భగుడి ముందు మాట్లాడినట్టు తగ్గిపోతుంది.

ఆ మీటరుకి ఒకే ఒక్క శత్రువు పిన్ని గారు. హాల్లో గోడగడియారం ఆగినప్పుడల్లా ఆవిడ మీటర్లో సెల్లు తీసి గడియారంలో వేసి, గడియారంలోవి మీటర్లో పెట్టేస్తారు. ఓమ్స్ రేంజిలో ముల్లు సున్నాకి రాకపోతే, ఇంట్లో గడియారం బాగా నడుస్తోందని లెక్క.

అందుకని బాబాయి గారు కొత్త డిజిటల్ మల్టీమీటరు కొంటున్నారు. కొన్నారు అనలేదు, గమనించండి. నేను కాలేజీలో ఉండగా కొనడం మొదలుపెట్టారు. ఈలోగా ఆయన సలహా మీద సందులో దాదాపు అందరూ మీటర్లు కొనేశారు. కొన్ని పాడైపోయాయి కూడా.

సలహాకి వెళితే ముందు కూర్చోబెడతారు. "ఇంటికా, బండికా?" అనేది మొదటి ప్రశ్న. రెండింటికీ అంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, ఇక సాయంత్రం అయిపోయినట్టే. "ఇంట్లో రెండొందల ముప్ఫై ఏసీ. తేడా వస్తే చంపుతుంది. బండిలో పన్నెండు డీసీ. అది చంపదు, విసిగిస్తుంది. ఒక మీటరు రెండు పనులూ చెయ్యాలంటే దానికి రెండు గుణాలుండాలి." మీటరు భద్రతకి తరగతులున్నాయి: గోడ ప్లగ్గు దగ్గర వాడేదానికి క్యాట్ టూ చాలు, మెయిన్ బోర్డు దగ్గరికి క్యాట్ త్రీ కావాలి, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ముట్టుకోవాలంటే క్యాట్ ఫోర్. ఇదంతా చెప్పి, "ఆ సర్వీసు వైరు జోలికి నువ్వెందుకు వెళ్తావులే" అని ఆయనే కొట్టేస్తారు.

కొట్టుకి ఆయన్ని వెంటబెట్టుకెళ్ళడమంటే ఆ కొట్టుతో మనకున్న పాత పరిచయం తెంచుకోవడమే. కౌంటరు మీద పెట్టిన మీటరు తెర ఆయన చూడరు. తిరగేసి, "వెనక మూత విప్పించండి" అంటారు.

"కొనకుండా విప్పకూడదండీ."

"విప్పకుండా కొనకూడదండీ."

ఆయనకి కావలసింది ఫ్యూజు. గాజుదా, పింగాణీదా, పది ఆంపియర్ల దారిలో కూడా ఉందా లేదా. "మూతి మీద వెయ్యి వోల్టులని అచ్చేస్తే సరిపోయిందా, కడుపులో ఏముందో చూడొద్దూ?" కొట్టతను మాట మార్చడానికి క్లాంప్ మీటరు చూపించాడు, వైరు కొయ్యకుండా చుట్టూ దవడ పెడితే ఆంపియర్లు చెప్పేది. బాబాయి గారు సందేహించకుండా వీధిలోకెళ్ళి, కొట్టతని బండి సీటెత్తి, బ్యాటరీ వైరు చుట్టూ పెట్టి హెడ్‌లైటు వేయించారు. సున్నా. "ఇది ఏసీకే పనిచేస్తుంది. డీసీ చదవాలంటే దవడలో హాల్ సెన్సరుండాలి. అది ఉన్నదాని రేటు వేరు. అవునా కాదా?" కొట్టతను అవునన్నాడు. ఆ రోజు నుంచీ బాబాయి గారు మలుపు తిరగ్గానే కొట్టతనికి గోడౌన్లో పనిపడుతుంది.

చాదస్తమని నవ్వుకున్నవాళ్ళలో పక్కింటి అల్లుడు ఒకడు. రెండు మూడొందలకి దొరికే పసుప్పచ్చ మీటరు కొనుక్కున్నాడు, నిజానికి బండికి అది బానే ఉంది. రాత్రి నిలబెట్టిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టడం లేదు. బ్యాటరీ మీద పెడితే పన్నెండున్నర చూపించింది. "చూశారా, బ్యాటరీ భేషుగ్గా ఉంది" అన్నాడు. బాబాయి గారు అరుగు మీంచే "మీటరు తియ్యకుండా సెల్ఫ్ నొక్కు" అన్నారు. నొక్కితే ఎనిమిదికి పడిపోయింది. ఖాళీగా కూర్చున్నప్పుడు ప్రతివాడూ పన్నెండున్నరే, బరువు పెడితే గదా తెలిసేది అన్నారాయన, అల్లుడి వంక చూసే అన్నారు.

బ్యాటరీ మార్చాక అల్లుడికి కొత్త అనుమానం పట్టుకుంది. తాళం తీసినా కరెంటు ఎక్కడికో పోతోందేమోనని ఎర్ర వైరు పది ఆంపియర్ల సాకెట్లోకి మార్చి, బ్యాటరీకి వరసలో కలిపి చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. లోపలికొచ్చి, పన్లో పనిగా ప్లగ్గులో వోల్టేజి చూద్దామనుకున్నాడు. నాబు ఏడొందల యాభై ఏసీకి తిప్పాడు. ఎర్ర వైరు మాత్రం ఉన్న సాకెట్లోనే ఉంది. ఆ సాకెట్‌కి నాబుతో సంబంధం లేదు. లోపల ఉన్నదల్లా మందపాటి తీగ ముక్క. అంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ నేరుగా తీగ కలిపినట్టే.

ఢామ్మంది. ఎమ్‌సీబీ పడిపోయింది. ప్లగ్గు చుట్టూ మసి, మీటరు మొన కరిగి ముద్ద. దేవుడి దయవల్ల అల్లుడికి మాత్రం ఏమీ కాలేదు. బాబాయి గారు పరిగెత్తుకొచ్చి, మనిషిని తడిమి చూసి, ఆ తర్వాతే మీటరు మూత విప్పారు. "ఇదిగో, ఇక్కడ ఫ్యూజుండాలి. ఈ మీటరు చేసినవాడు తీగతో సరిపెట్టాడు." అల్లుడు మామగారి మాట వినడం నేను చూసింది ఆ రోజే, అదీ పక్కింటి మామగారి మాట.

న్యాయంగా చెప్పాలంటే ఆయన పరిజ్ఞానం ఇంకోచోట తగాదా తీర్చింది. ఎదురింట్లో ఇన్వర్టరు పెట్టించారు. వాళ్ళ చౌక మీటరు రెండొందల నలభై నాలుగు చూపిస్తోంది, టీవీ కాలిపోతుందని కంగారు. ఇన్వర్టరతను తన మీటరు పెడితే రెండొందల ఇరవై. ఎవరి మీటరు దొంగది అనేదాకా వచ్చింది. బాబాయి గారొచ్చి రెండూ మంచివే అన్నారు. అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. చౌక మీటరు లోపలికొచ్చే ఏసీ అంతా నున్నటి అలలాగే ఉంటుందనుకుని లెక్క కడుతుంది, అందుకని ఈ చదరపు అలకి పదకొండు శాతం ఎక్కువ చెబుతుంది. ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ అని రాసున్న మీటరు అసలుది చెబుతుంది. ఇన్వర్టరతను ఆయనకి దణ్ణం పెట్టాడు. బాబాయి గారు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఓల్టూ ఆంపియరూ ఓమూ మూడూ ఒకే పెట్టెలో చూసే మీటరుని 1923లో తెచ్చిన మెకాడీ అనే ఆయన బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరని, అంటే తమ డిపార్టుమెంటు మనిషేనని మొదలుపెట్టారు. ఇన్వర్టరతను మధ్యాహ్నం భోజనం అక్కడే చెయ్యాల్సి వచ్చింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. అటు మర్నాడు ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటింది. బాబాయి గారి అమ్మాయి వాళ్ళది సింగ్‌నగర్లో కింది వాటా. నీళ్ళు తీశాక ఆయన ముల్లు మీటరు సంచిలో పెట్టుకుని వెళ్ళారు. స్విచ్ బోర్డుల్లో బురద, గోడ మీద నీటి గీత భుజమెత్తున. మెయిన్ వేద్దామని చుట్టుపక్కల వాళ్ళంతా తొందరపడుతున్నారు. ఆయన గుమ్మానికడ్డంగా నిలబడ్డారు. మునిగిన బండికి తాళం పెట్టబోయిన వాణ్ణి కసిరి, ముందు బ్యాటరీ వైరు ఊడదీయించారు. లోపలికెళ్ళి ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఓమ్స్ రేంజి పెట్టి ఒక కన్ను మూశారు. ముల్లు కదల్లేదు.

"కదల్లేదుగా నాన్నా, బాగున్నట్టేగా?" అంది అమ్మాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఈ మీటరు సెల్లు మీద నడుస్తుందమ్మా. తడిసిన వైరుకి ఈ కాస్త వోల్టేజి దగ్గర ఏం బయటపడుతుంది? ఐదొందల వోల్టులు పెట్టి చూడాలి. దీనికి మెగ్గరు కావాలి."

ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఎవరి దగ్గరో మెగ్గరు అద్దెకి తెచ్చాడు. వంటింటి లైను చెడిందని తేలింది. ఆ ఒక్క లైనూ విప్పేసి, మిగతా ఇంటికి మర్నాటికల్లా కరెంటిచ్చాడు. బాబాయి గారు అతని పక్కనే నిలబడి రీడింగులన్నీ కాగితం మీద రాసుకున్నారు, పాయింటు తర్వాత అంకెలతో సహా.

మొన్న గోడౌన్లోంచి కొట్టతను బయటికొచ్చేసరికి ఎదురుగా ఆయనే ఉన్నారట.

"మల్టీమీటరు సంగతి తర్వాత చూద్దాం గానీ, మెగ్గర్లు చూపించండి. చేత్తో తిప్పేదీ, బ్యాటరీదీ, రెండూ తియ్యండి. ఏదీ, ముందు దాని మూత విప్పించండి."