చివరి మాట మింగకు నాయనా

మొన్న సోమవారం పొద్దున్నే మా మనవరాలు గది తలుపేసుకుని ఒక్కతే మాట్లాడుతోంది. ఎవరితోనా అని తొంగి చూస్తే ఎదురుగా ల్యాప్‌టాపు, అందులో పన్నెండు నల్లటి గళ్లు. గడికో పేరు ఉంది గానీ మొహం ఒక్కటీ లేదు. ఆ పేర్లవాళ్లు వింటున్నారో, ఉప్మా కలుపుకుంటున్నారో, మళ్లీ ముసుగు తన్నారో దేవుడికెరుక. ఈ పిల్ల మాత్రం ఇరవై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేసి, బయటికొచ్చి, "ఎలా ఉంది తాతయ్యా నా ప్రెజెంటేషను?" అంది.

"బాగానే ఉందమ్మా. ఇంతకీ మీ పని అయిందా, కాలేదా?" అన్నాను.

"అదేంటి, చెప్పాను కదా!"

చెప్పింది, కాదనను. నోట్లోనే చెప్పుకుంది.

ఇప్పటి పిల్లలందరిదీ ఇదే తంతు. మొదటి మాట పిడుగులా మొదలవుతుంది, మధ్యకొచ్చేసరికి "బేసికల్లీ", "యాక్చువల్లీ" చేరతాయి, చివరికి గొంతు కాలవ గట్టు మీంచి జారినట్టు జారిపోతుంది. ఇంగ్లీషులో అలా జారినా ఏదో సరిపెట్టుకోవచ్చు, అందులో పని మాట ముందే వచ్చేస్తుంది. మన తెలుగు అలాంటిది కాదు నాయనా. మన క్రియ చివర కూర్చుంటుంది. వస్తాడో రాడో, ఇచ్చారో ఇవ్వలేదో, ఉందో లేదో అంతా ఆ చివరి మాటలోనే తేలుతుంది. దాన్ని మింగేస్తే అంతదాకా చెప్పిందంతా చెప్పనట్టే.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. 1964లో, మా ఊరి హైస్కూల్లో, వేపచెట్టు కింద దొరికింది. తెనాలి వైపు పల్లెటూరు మాది. పంద్రాగస్టుకి నాచేత ఉపన్యాసం చెప్పించాలని మా తెలుగు మాస్టారికి పట్టుదల పుట్టింది. నెల ముందునుంచీ సాయంత్రం బడి వదిలాక నన్ను వేపచెట్టు మొదట్లో నిలబెట్టేవారు. స్కూలు గేటు అక్కడికి వంద గజాలుండేది. గేటు దగ్గర గంట కొట్టే ముసలాయన స్టూలేసుకుని కూచునేవాడు. నేను ఒక్కో వాక్యం చెప్పాలి. పూర్తిగా వినపడితే ఆయన తువ్వాలు పైకెత్తాలి. తువ్వాలు లేస్తేనే రెండో వాక్యం. అరవడానికి వీల్లేదు. అరిస్తే మాస్టారు ఊరుకునేవారు కాదు. "అరుపు పక్కింటికి పోతుందిరా, మాట మనిషికి చేరాలి" అనేవారు.

రెండో రోజో మూడో రోజో, "ఈ ఏడు మా కాలవకి ఇంకా నీళ్లు రాలేదు" అన్నాను. తువ్వాలు లేవలేదు సరిగదా, ముసలాయన స్టూలు దిగి పరుగులాంటి నడకతో వచ్చేశాడు. "ఎప్పుడొచ్చాయయ్యా నీళ్లు? మా వాడు నారుమడి దున్నాలి" అన్నాడు. "కాలవ", "నీళ్లు" ఆయన చెవిన పడ్డాయి, "రాలేదు" నా గొంతులో ఉండిపోయింది. లేదని తెలిశాక ఆ ముసలాయన మొహం ఎలా వాడిపోయిందో నాకిప్పటికీ గుర్తే. మాస్టారు నన్నొక్క మాట అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఆయన జేబులో ఎప్పుడూ పిడికెడు చింతగింజలుండేవి. నేను "అంటే" అన్నప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేది. చివర ఎడమ జేబు నా చేతిలో కుమ్మరించి లెక్కపెట్టమనేవారు. మొదటి రోజు ముప్ఫై ఒకటి. ఇప్పుడు హైదరాబాదులో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులని ఉన్నాయట. 1924లో అమెరికాలో పుట్టిన సంస్థ అది. వాళ్ల సమావేశంలో "ఆ", "ఊ" అంటే లెక్కరాసే మనిషిని ప్రత్యేకంగా పెడతారని మనవరాలు చెప్పింది. పోన్లే, ఆ ఒక్కటి మంచి పనే. మాకు మాత్రం దానికి క్లబ్బు అక్కర్లేకపోయింది, చింతచెట్టు చాలింది.

అసలు మేం మాట్లాడటం నేర్చింది చెవితో. ఊళ్లో బుర్రకథ పెడితే ఆ చుట్టుపక్కల అయిదూళ్ల జనం చేరేవాళ్లు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఆ ఇద్దరూ ఊరికే తందాన అనడానికి నిలబడ్డారనుకుంటున్నావా? ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. జనం కునుకు తీసే వేళకి హాస్యగాడు అందుకునేవాడు. మనకి అర్థం కాని చోట మన తరఫున వాళ్లే అడిగేవాళ్లు, కథకుడు మనకి చెప్పేవాడు. మా గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి షేక్ నాజర్ గారు ఈ కళతోనే 1986లో పద్మశ్రీ దాకా వెళ్లారు. ఇప్పటి సభల్లో గంటసేపు తన పాటికి తాను చెప్పుకుపోయి, అందరూ టీ కోసం లేచే వేళకి "ఎనీ క్వశ్చన్స్?" అంటారు. అప్పుడు ఎవడడుగుతాడు?

అష్టావధానం చూశావా ఎప్పుడైనా? ఫోనులో ముక్కలు ముక్కలుగా చూడటం కాదు, ఎదురుగా కూచుని చూశావా? అవధాని చుట్టూ ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఎనిమిది మంది కూచుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఒకాయన నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటాడు. నిషిద్ధాక్షరి ఆయన ప్రతి అక్షరానికీ అడ్డుపడుతుంటాడు. వీళ్లు చాలనట్టు అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి, "అవధాని గారూ, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" లాంటి ప్రశ్న వేస్తాడు. దానికీ నవ్వుతూ జవాబు చెప్పి, తెగిన పాదాన్ని తెగిన చోటే అందుకోవాలి. అన్నీ అయ్యాక ధారణ. కాగితం ముక్క లేకుండా పద్యాలన్నీ మొదటినుంచీ అప్పజెప్పాలి. తిరుపతి వెంకట కవులు దీన్ని వందమందితో శతావధానంగా చేసి ఊరూరా తిరిగారు. మీకేమో మీ ఫోను నంబరే గుర్తుండదు. గోడ మీద స్లైడు వేసుకుని, జనానికి వీపు చూపించి, గోడకి చదివి వినిపిస్తారు. ఆ చదవడమేదో మాకూ వచ్చుగా నాయనా, మేమే చదువుకుంటాంగా!

మనిషి కనపడకపోయినా మాట్లాడొచ్చు, ఒప్పుకుంటాను. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు భారతం చెప్తుంటే మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచినా ఒక్క మాట తప్పిపోయేది కాదు, ప్రతి అరుగు మీదా అదే గొంతు. ఆయన ముందున్నదీ మైకే, మా మనవరాలి ముందున్నదీ మైకే. కానీ ఆయన మైకుతో మాట్లాడినట్టుండేది కాదు. మా అమ్మ చాట పక్కన పెట్టి, ఆయన తననే అడిగినట్టు "అవునయ్యా" అనేది. ఎదురుగా ఎవరో ఒకరున్నారని గట్టిగా అనుకుంటే తప్ప ఆ గొంతు రాదు. ఎన్టీ రామారావు గారు 1982లో పార్టీ పెట్టి, పాత షెవ్రొలెట్ వ్యాను మీద ఊరూరా తిరిగి మాట్లాడుతున్నప్పుడు నేను రోడ్డు పక్కన జనంలో గంటలకొద్దీ నిలబడ్డాను. ఆయన రాజకీయం నచ్చిన వాళ్లున్నారు, నచ్చనివాళ్లున్నారు. వాక్యం చివర క్రియని మాత్రం ఒక్కసారి కూడా వదల్లేదాయన. మా గంట కొట్టే ముసలాయనుంటే తువ్వాలెత్తేవాడు.

ముసలాడి సణుగుడు అని నవ్వుకో, నాకేం బాధ లేదు. కానీ ఒకటి విను. ఈ స్లైడ్లు వేసే పవర్‌పాయింటు 1987లో వచ్చింది. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక ఎగిరినప్పుడు బయటి ట్యాంకు మీది ఫోము ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి కొట్టుకుంది. ప్రమాదమా కాదా అని ఇంజినీర్లు లెక్కలు కట్టి పైవాళ్లకి స్లైడ్లు చూపించారు. ఒక స్లైడు పైన పెద్దక్షరాల శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. దాని కింద చిన్న వాక్యాలు, వాటి కింద ఇంకా చిన్నవి. అసలు సంగతి అట్టడుగున ఉంది: పరీక్షలు చేసింది మూడు ఘనపు అంగుళాల ముక్కతో, తగిలిందని వాళ్లు అంచనా వేసిందేమో 1920 ఘనపు అంగుళాల ముక్క. 640 రెట్లు! అంత మాట ఆఖరి వరుసలో పడి ఉంది. ఫిబ్రవరి 1న నౌక తిరిగి వస్తూ ఆకాశంలోనే ముక్కలైపోయింది. ఏడుగురు పోయారు. మన కల్పనా చావ్లా అందులోనే పోయింది. తరవాత విచారణ చేసిన సంఘం, సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట ఈ స్లైడ్లు వాడే అలవాటుని తన నివేదికలో తప్పుపట్టింది. స్లైడ్ల వల్లే నౌక కూలిందని నేననను. కానీ చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోతే ఏమవుతుందో ఆ ఆఖరి వరుస చూస్తే తెలుస్తుంది. నాకు మా ముసలాయన, రాని కాలవ నీళ్లూ గుర్తొస్తాయి.

మా రోజులు బంగారం అంటున్నాను గానీ, అన్నీ బంగారం కాదు. పంద్రాగస్టున పిల్లల్ని ఎండలో నిలబెట్టి, "సమయాభావం వల్ల రెండే మాటలు" అంటూ మొదలుపెట్టి గంట మాట్లాడిన పెద్దమనుషులు మా రోజుల్లోనూ ఉన్నారు. సొమ్మసిల్లిన పిల్లల్ని నేనే నీడకి మోసుకొచ్చాను. ఇంకో మాట చెప్పడం కష్టంగానే ఉంది. ఆ వేపచెట్టు కింద మాస్టారు నిలబెట్టింది మగపిల్లల్నే. నా క్లాసులో పద్యం నాకంటే బాగా చదివే అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి గొంతు గేటుదాకా వెళ్తుందో లేదో ఎవరూ చూడలేదు. ఇవాళ నా మనవరాలు పన్నెండు మందికి పని చెప్తోంది. ఇది మా కాలంలో లేదు. ఇది మంచిదే.

అందుకే నిన్న సాయంత్రం పిల్లని డాబా మీదికి తీసుకెళ్లాను. ఇటు నీళ్ల ట్యాంకు దగ్గర తను, అటు మెట్ల దగ్గర కుర్చీలో నేను, చేతిలో తువ్వాలు. మొదట నవ్వింది. "స్లైడ్లు చూపించకుండా ఎలా తాతయ్యా?" అంది. బొమ్మ కావాలంటే చూపించుకో, మాట మాత్రం నువ్వే చెప్పు అన్నాను. నాలుగో వాక్యానికి గానీ తువ్వాలెత్తలేదు నేను. పదో వాక్యానికి పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ పని ఆపి వింటోంది.

నువ్వూ రేపెక్కడో నిలబడి మాట్లాడతావు, ఆఫీసులోనో, పెళ్లిలోనో, సంస్మరణ సభలోనో. నాకు ఎడమ చెవి సరిగా వినపడదు, నాలాంటివాళ్లు ప్రతి సభలోనూ వెనక వరుసలో ఇద్దరు ముగ్గురుంటారు. మొదలుపెట్టే ముందు ఒక్కసారి మా వైపు చూడు నాయనా, చివరి మాట మాదాకా రానివ్వు.