పట్టాలు చేసినవాడి విమానయోగం

భిలాయ్‌లో ఏ తెలుగువాణ్ణయినా ఆపి "మీదే ఊరండీ?" అని అడగండి. "వైజాగ్" అంటాడు. కాస్త గుచ్చి అడిగితే విజయనగరం అంటాడు. ఇంకా గుచ్చితే బొబ్బిలి, సాలూరు, పాలకొండ అంటూ మెల్లమెల్లగా సముద్రానికి దూరం జరుగుతాడు. చివరికి తేలేదేమిటంటే, ఆ ఊరి నుంచి వైజాగ్ వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. అయినా మా అందరి సొంతూరూ వైజాగే. కొలిమి పక్కన తరాల తరబడి బతుకుతున్నవాళ్ళం, కాస్త సముద్రాన్ని మా పేరున రాసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

మా అమ్మకు మాత్రం ఆ హక్కు నిజంగానే ఉండేది. ఆమెది కళింగపట్నం పక్క పల్లె. 1963లో కొత్త కాపురానికి నాన్న ఆమెను భిలాయ్ తీసుకొచ్చాడు. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి రష్యావాళ్ళతో ఒప్పందం 1955లో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959లో రాజేంద్రప్రసాద్ గారు వచ్చి ప్రారంభించారు. అమ్మ వచ్చేసరికి ప్లాంటు రాత్రీ పగలూ లేకుండా నడుస్తోంది. క్వార్టర్లో మొదటి రాత్రి ఆమె దిగ్గున లేచి కూర్చుందట. ఎక్కడో దూరంగా హోరు. ఆగదు, తగ్గదు.

"ఏటండీ, ఇక్కడ సముద్రం దగ్గరేటి?"

నాన్న నిద్రమత్తులో "ఆఁ, దగ్గరే. ఆదివారం చూపిస్తాను" అన్నాడు. మాట తప్పని మనిషి. ఆదివారం సైకిలు మీద కూర్చోబెట్టుకుని మరోదా చెరువుకు తీసుకెళ్ళాడు. అమ్మ దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, "ఉప్పేదీ?" అంది. ఆ తర్వాత నాన్న బతికినంత కాలం కూరలో ఉప్పు తక్కువైందనే సాహసం చెయ్యలేదు.

అసలు సముద్రానికి మాకు తెలిసిన దారి ఒక్కటే, రైలు. కొండలూ అడవులూ దాటుకుంటూ వెళ్ళే రాయపూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. లోపలి సరుకు ఓడలకెక్కించడానికి తెల్లదొరలు వేసుకున్న ఆ దారిని మేం వేసవి సెలవులకు వాడుకున్నాం. పాసింజరు బండిలో పులిహోర మూట, మరచెంబు, కిటికీ సీటు కోసం అన్నదమ్ముల కొట్లాట. మహాసముంద్ దాకా హిందీ, కాంటాబాంజీ నుంచి ఒడియా, పార్వతీపురం రాగానే తెలుగు. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఎవర్నో అచ్చ తెలుగులో తిట్టడం వినపడితే అమ్మ ముఖం విప్పారేది. "వొచ్చీసినాం" అనేది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కిందటేడు మా ముప్పయి అయిదో పెళ్ళిరోజుకు పుణెలో ఉంటున్న మా అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, రుషికొండలో రిసార్టు బుక్ చేశాను. సీ వ్యూ రూము. రాయపూర్ నుంచి ఫ్లైటు" అన్నాడు.

నేను రైల్ మిల్లులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. దేశంలో రైళ్ళు నడిచే పట్టాలు 1960 నుంచీ ఎక్కువగా చేస్తున్నది మా ఊళ్ళోనే. ఒక్కో పట్టాను 130 మీటర్ల పొడుగున సాగదీసి, రెండేసి అతికి, 260 మీటర్ల ముక్కలుగా పంపిస్తారు. అలాంటి చోటు నుంచి వచ్చినవాణ్ణి విమానం ఎక్కించడమంటే, జీవితమంతా పడవలు చేసినవాణ్ణి హెలికాప్టరులో ఏరు దాటించడమే.

"రైల్లో వెళ్తాం లేరా" అన్నాను.

"అమ్మ ఒక్కసారైనా విమానం ఎక్కాలి కదా నాన్నా" అన్నాడు. వెనక నుంచి వాళ్ళమ్మగారు "అవును" అన్నారు. తీర్మానం నెగ్గింది.

మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, దుర్గ్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పెళ్ళిరోజుకు ఆయన్నీ వదినగారినీ కూడా రమ్మన్నాం. ఆయన టికెట్లు చూశాడు, తేదీ చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తమ్ముడూ, ఇది రాయపూర్ నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి వైజాగ్."

"అవునన్నయ్యా. ఆ రోజుకి నేరుగా దొరకలేదట."

"మధ్యలో హైదరాబాదులో ఆరు గంటలు."

"అది చవగ్గా వచ్చిందట."

"2024 సెప్టెంబరు నుంచి దుర్గ్‌లో వందేభారత్ ఉంది కదయ్యా. తెల్లారేలోపు ఎక్కితే భోజనాల వేళకి వైజాగ్‌లో దిగుతాం. మేం అందులో వస్తాం. మీరు ఆకాశమార్గాన రండి. అక్కడ కలుద్దాం." ఆ 'ఆకాశమార్గాన' అన్న మాటను ఆయన హరికథలో లాగా సాగదీసి పలికాడు.

ఇక సామాన్లు. అనుమతించిన పదిహేను కిలోల పెట్టెను మా ఆవిడ దూబ్‌రాజ్ బియ్యంతో నింపేసింది. వైజాగ్‌లో ఆవిడ తమ్ముడున్నాడు, స్టీల్ ప్లాంటులోనే పని. వాళ్ళ ఫ్యాక్టరీకీ సాయం రష్యావాళ్ళదే. తేడా ఏమిటంటే దాన్ని సముద్రం ఒడ్డున కట్టారు, మాదాన్ని దల్లీ రాజ్‌హరా ఇనుపరాయికీ నందిని సున్నపురాయికీ దగ్గరగా కట్టారు. ఆ బావమరిదికి నేనూ ఏదో ఒకటి తీసుకెళ్ళాలి కదా! రిటైరైన రోజు మిల్లు కుర్రాళ్ళు నాకో కానుక ఇచ్చారు. పట్టాను అడ్డంగా అంగుళం మందాన కోసి, అద్దంలా మెరుగుపెట్టిన ముక్క. మీటరుకు అరవై కిలోలు తూగే పట్టా అది. అంగుళం ముక్కంటే కిలోన్నర. దాన్ని తువ్వాల్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను.

"ఉక్కు ఫ్యాక్టరీవాడికి ఉక్కు పట్టుకెళ్తారేమిటండీ?" అంది మా ఆవిడ.

"అది ఒట్టి ఉక్కు కాదే, పట్టా" అన్నాను.

ఆరింటికి టాక్సీ బయల్దేరింది. మాకు విమానాశ్రయమంటే రాయపూర్ అవతల మానాలో ఉన్నదే. జీఈ రోడ్డు పట్టుకుని కుమ్హారీ టోలు, ఖారూన్ వంతెన, టాటీబంధ్ కూడలి దాటుకుంటూ వెళ్ళాలి. ఖారూన్ దాటుతుండగా ఫోను మోగింది.

"తమ్ముడూ, రాయపూర్ వచ్చేశాం. మీరెక్కడ?"

"మేమూ రాయపూర్ వస్తున్నాం."

"మేం రాయపూర్ నుంచి వెళ్తున్నాం." ఫోను పెట్టేశాడు.

డ్రైవరు కుర్రాడు ఓదార్చాడు. "రాయపూర్ నుంచి వైజాగ్‌కి ఆరు వరుసల కొత్త రోడ్డు వేస్తున్నారు సాబ్, నాలుగువందల అరవై చిల్లర కిలోమీటర్లు. అది పూర్తయితే మిమ్మల్ని నేనే సముద్రంలో దింపేస్తాను."

ఒడ్డున దింపితే చాలన్నాను.

మానా విమానాశ్రయానికి 2012లో స్వామి వివేకానంద పేరు పెట్టారు. ఆయన కుర్రతనంలో రెండేళ్ళు రాయపూర్‌లో ఉన్నాడు. 1877లో ఈ ఊరికి రైలు లేదు. కుటుంబమంతా రోజుల తరబడి అడవుల గుండా ఎద్దుబండి మీద ఇక్కడికి చేరుకున్నారు. ఎద్దుబండి మీద వచ్చిన మనిషి పేరు విమానాశ్రయానికి పెట్టడం నాకెంతో ధైర్యమిచ్చింది. ఆలస్యంగా చేరినవాళ్ళ మీద ఈ ఊరికి చిన్నచూపు లేదన్నమాట.

భద్రతా తనిఖీలో నా సంచి యంత్రంలోకి వెళ్ళింది, బయటికి రాలేదు. కాస్త వెనక్కి నడిచింది, మళ్ళీ ముందుకొచ్చింది. తెర ముందు కూర్చున్నాయన ఇంకొకాయన్ని పిలిచాడు. ఇద్దరూ వంగి చూశారు. సంచిలోని పళ్ళూ తువ్వాలూ చొక్కాలూ నీడల్లా కనిపిస్తుంటే, మధ్యలో నల్లగా, కిరణం చొరబడని ముద్ద. నాకు లోపల గర్వంగానే ఉంది. మా సరుకు నాణ్యత అలాంటిది మరి.

"ఏమిటిది?"

"పట్టా ముక్కండీ."

"ఏ పట్టా?"

"రైలు పట్టా."

ఆయన చేత్తో తూచి చూశాడు. భుజం కాస్త కిందికి దిగింది. "రైలు పట్టా విమానంలో ఎందుకు?"

"మా బావమరిదికి."

"ఆయనకు దీంతో ఏం పని?"

"ఏం లేదండీ. ఆయనదీ ఉక్కు ఫ్యాక్టరీయే."

"ఉక్కు ఫ్యాక్టరీ మనిషికి ఉక్కు ఇస్తున్నారా?"

"నేనూ అదే అడిగాను బాబూ" అంది మా ఆవిడ. ముప్పయి అయిదేళ్ళలో ఆవిడ పక్షాన మొదటిసారి సర్కారువారు సాక్ష్యం చెప్పారు. ఆవిడ ముఖం చూడాలి!

ఆయన మర్యాదగానే చెప్పాడు, ఇలాంటిది చేతిసంచిలో కుదరదని. ఒకరి తల పగలగొట్టడానికి సరిపోతుంది కనక ఆయన మాటా న్యాయమే. డ్రైవరుకు ఫోను చేశాను. కుర్రాడు దగ్గర్లోనే టీ తాగుతున్నాడు. ఒకాయన తోడురాగా బయటిదాకా వెళ్ళి పట్టా ముక్కను అతని చేతిలో పెట్టాను. అది టాక్సీ ముందు సీట్లో దర్జాగా కూర్చుని భిలాయ్ వెళ్ళిపోయింది. పట్టాకు తెలుసు, తన చోటు నేల మీదని.

విమానం లేచింది. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ "సముద్రం ఎటువైపండీ?" అంది. వేలు పెట్టి చూపించాను, ఎడమపక్కకి. రాయపూర్ నుంచి వైజాగ్ ఆగ్నేయాన, గీత గీస్తే నాలుగువందల కిలోమీటర్ల పైచిలుకు. మేమేమో నైరుతికి పోతున్నాం. హైదరాబాదు దాకా సుమారు అయిదున్నర వందలు, అక్కణ్ణుంచి మళ్ళీ తూర్పుకు అయిదువందలు. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

ఆ గాల్లో నాకు బైలదిల్లా కొండలు గుర్తొచ్చాయి. అవీ మా ఛత్తీస్‌గఢ్‌వే. అక్కడి ఇనుపరాయి కోసం 1960లలో కిరండూల్ నుంచి కొత్తవలస దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. రాయి అక్కడ బండెక్కి తిన్నగా వైజాగ్ రేవుకు చేరుతుంది, ఓడెక్కి జపాన్‌కు కూడా వెళ్ళింది. రాయికి హైదరాబాదులో ఆరు గంటలు ఆగే ఖర్మ లేదు. దానికి చవక టికెట్టు కొనిపెట్టే కొడుకు లేడు.

శంషాబాద్‌లో దిగాం. ఈ హైదరాబాదులో సాగరం ఉంది గానీ, దాన్లో ఉప్పు లేదు. అమ్మ ఉంటే రుచి చూసి చెప్పేది. రెండు దోసెలు తిని, బిల్లు చూసి, తిన్నది అరిగిపోకుండా కదలక కూర్చున్నాం. ఇక తోడల్లుడి వార్తలు మొదలయ్యాయి.

"రాయగడ దాటాం తమ్ముడూ. ఎటు చూసినా కొండలే."

"పార్వతీపురం. తెలుగు బోర్డు. మీ వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

"విజయనగరం. మీరెక్కడ?"

"పదకొండో నంబరు గేటు" అన్నాను.

మూడింటికి ఫొటో పంపాడు. రెండు జతల పాదాలు, వాటి మీద నురగ. కింద ఒక్క మాట: "ఉప్పగా ఉంది."

మేం వైజాగ్‌లో దిగేసరికి చీకటి పడింది. విమానాశ్రయం నుంచి రుషికొండ ఊరికి ఆ చివర. మా ఆవిడ పట్టుబట్టి టాక్సీని బీచ్ రోడ్డు మీదుగా పోనిమ్మంది. దీపాల వెలుగులో ఒడ్డున నల్లగా ఒక జలాంతర్గామి. కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి, 2002లో మ్యూజియం అయింది. అదీ రష్యావాళ్ళు కట్టిందే. నేను మనసులోనే నమస్కారం పెట్టాను. ఒకే పుట్టింటివాళ్ళం, ఇద్దరం రిటైరయ్యాం. దాన్నీ ఒడ్డుకు చేర్చడానికి చాలామందే కష్టపడి ఉంటారు.

రిసార్టులో సీ వ్యూ రూము తలుపు తీశారు. మా ఆవిడ పరుగున వెళ్ళి తెర లాగింది. అద్దంలో మేమిద్దరం కనిపించాం, మా వెనక బియ్యం పెట్టె కనిపించింది. అంతకు మించి ఏమీ లేదు, కటిక చీకటి.

"సముద్రం ఏదండీ?"

"పొద్దున్న వస్తుంది" అన్నాను. ఈ జవాబు మా నాన్న నుంచి నాకు వచ్చిన ఆస్తి.

వరండా తలుపు కాస్త తెరిచి పడుకున్నాం. అప్పుడు వినపడింది. దూరంగా హోరు. ఆగదు, తగ్గదు. చిన్నప్పటి నుంచీ నేను నిద్రపోయింది ఆ చప్పుడు మీదే. సెక్టారు క్వార్టర్లో, ఆరుబయట నులకమంచం మీద, పక్కన అమ్మ. "ఇది సముద్రం కాదమ్మా, ఫ్యాక్టరీ" అని నేనే ఆమెకు చెప్పేవాణ్ణి, పెద్ద తెలిసినవాడిలాగా. ఆమె "ఊఁ" అనేది, నమ్మేది కాదు. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.

పొద్దున్నే ఎవరో తలుపు దబదబా బాదారు. తోడల్లుడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏం రిసార్టయ్యా ఇది! రాత్రంతా ఒకటే గోల. కిటికీలు మూశాను, చెవుల్లో దూది పెట్టుకున్నాను. కన్ను మూతపడితే ఒట్టు. నీకెలా పట్టింది నిద్ర?"

ఆయన బ్యాంకు మనిషి. అయిదింటికి తాళం వేసి ఇంటికెళ్ళినవాడు.

"నైట్ షిఫ్టు అన్నయ్యా, అలవాటైపోతుంది" అన్నాను.